ఆకుపచ్చ చీటీ ఉన్న ఎలుకలు

నాకు చిన్నప్పటి నుంచి కాలు ఊపే అలవాటు. కూర్చున్నంతసేపూ కుడికాలు దానంతటదే ఊగుతుంటుంది. పరీక్ష హాల్లో ఊపాను, పెళ్ళిచూపుల్లో ఊపాను, భద్రాచలంలో అమ్మ డయాలసిస్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కూడా ఊపాను. ఒంట్లో రక్తం గొట్టాల గుండా మిషన్‌లోకి పోయి వస్తుంటే, అమ్మ కళ్ళు మూసుకునే చెయ్యి చాపి నా మోకాలి మీద వేసేది. "కాలు ఊపకే, మంచం కదులుతంది" అనేది. నా స్టూలు వేరు, ఆమె మంచం వేరు. అయినా ఆపేదాన్ని. కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది.

మాది దుమ్ముగూడెం. అక్కడి నుంచి భద్రాచలానికి ఆ బస్సు ప్రయాణాలు, తిరుగు బస్సులో అమ్మ కిటికీకి తలానించి నిద్రపోవడం, పక్కసీటు వాళ్ళు "ఏమైంది బిడ్డా?" అని అడగడం, నేను చెప్పగానే అమ్మ వైపు అదో రకంగా చూడడం, ఇవన్నీ నాలో అట్లాగే ఉండిపోయాయి. ఆ చూపంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. బతికున్న మనిషిని పోయినవాళ్ళ లెక్కలో వేసి చూసే చూపు అది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేను ఫార్మసీ చదివి, ఖమ్మం శివార్లలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, నలభై దాటాక అక్కడే పీహెచ్‌డీ మొదలుపెట్టాను. మా ఆయనకు సత్తుపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే పోతాడు.

పోయిన వానాకాలం నుంచి సాయంత్రమయ్యేసరికి పాదాలు బరువెక్కడం మొదలైంది. చెప్పులు బిగుసుకునేవి. రోజంతా నిలబడి పాఠం చెప్పడం వల్లేనని సర్దిచెప్పుకుని, ఆ సర్దిచెప్పుకోవడం నాకే నచ్చక, ఎవరికీ చెప్పకుండా రక్తపరీక్ష చేయించుకున్నాను. క్రియాటినిన్ ఉండాల్సిన దానికంటే పైన ఉంది. కిడ్నీలు ఒంట్లో చెత్తను సరిగా బయటికి పంపనప్పుడు రక్తంలో పెరిగేది అది. నేను కాలేజీలో ఎలుకల రక్తంలో చూసేదీ అదే. అందుకే ఆ కాగితం చూడగానే నాకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

డాక్టరు మాత్రం తీరిగ్గా చెప్పాడు. బీపీ ఉంది, గోళీ రాస్తున్నాను అన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు. పచ్చళ్ళు, అప్పడాలు, బజ్జీలు, ఎండుచేపలు మానేయమన్నాడు. తలనొప్పికి గోళీలు మింగే అలవాటు కూడా మానేయమన్నాడు. మూడు నెలలయ్యాక మళ్ళీ చూద్దామన్నాడు.

"కిడ్నీకి మందేమీ లేదా?" అన్నాను.

"ఇప్పుడైతే మీ తిండే మందు మేడం."

మందులు తయారుచేసే మనిషికి చెప్పే జవాబా ఇది? బయటికొచ్చి ఆటో ఎక్కేలోపే నాకు ఆ డాక్టరు మీద కోపం వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని కూడా ఆ ఆటోలోనే అనుకున్నాను. చెబితే మా ఆయన నా వైపు ఎట్లా చూస్తాడో నాకు తెలుసు. ఆ చూపు భరించడం నా వల్ల కాదు. అసలు నా దగ్గర మందు తయారవుతుంటే ఇంకొకరికి చెప్పడం ఎందుకనుకున్నాను.

నిజంగానే తయారవుతోంది. నా పీహెచ్‌డీ తెల్ల గలిజేరు మీద. తిండి వల్ల దెబ్బతినే కిడ్నీలను ఆ ఆకు సారంతో కాపాడగలమా అన్నది నా పని. అమ్మకు కాళ్ళు వాచినప్పుడు మా నాయనమ్మ గలిజేరు కషాయమే కాచి పోసేది. దవాఖానాలో డాక్టరు అది తాగొద్దని కేకలేశాడు, పాడైన కిడ్నీకి ఆకుపసర్లు ఇంకా చేటన్నాడు. ఆ మాటా నిజమే. అందుకే మేం పచ్చిపసరు వాడం. అది నీళ్ళలో సరిగా కలవదు, కడుపులో పడగానే సగం పాడవుతుంది, కిడ్నీ దాకా చేరేది ఏ కాస్తో. అందుకని పనికొచ్చే సారాన్ని మాత్రం విడదీసి, కంటికి ఆనని కొవ్వు పొరల్లో చుట్టి పంపుతాం. దీన్నే నానో వాహకం అంటాం. క్లాసులో పిల్లలకు పూర్ణం బూరె అని చెబుతాను. లోపల పూర్ణం మందు, పైన పిండి మా కొవ్వు పొర. కాకపోతే మా బూరెలు వెంట్రుక మందంలో వందలకొద్దీ పడతాయి. పిల్లలు నవ్వి, బూరెలు మాత్రం గుర్తుపెట్టుకుని మిగతాది మర్చిపోతారు.

ఆకు కోసం ములకలపల్లి వైపు వెళ్ళేదాన్ని. మా యానిమల్ హౌస్‌లో ఎలుకలను చూసుకునే అటెండరుది ఆ పక్కనే అడవిని ఆనుకున్న ఊరు. వానలు పడ్డాక వాళ్ళ చేల గట్ల మీద గలిజేరు దండిగా పాకుతుంది. ఆ రిపోర్టు వచ్చాక నేను వెళ్ళిన వెళ్ళడం వేరు. సంచి నిండినా కోస్తూనే ఉన్నాను. అటెండరు వాళ్ళ ఆవిడ గట్టు మీద కూర్చుని నన్నే చూస్తూ, "సాలదా మేడం? గింత ఆకు ఏం జేసుకుంటరు?" అంది. చాలదన్నాను.

ఎలుకలు మూడు అరల్లో ఉండేవి. మొదటి అరలో మామూలు తిండి తినేవి. రెండో అరకు ఎర్ర చీటీ అంటించాం. వాటికి డాల్డా, పంచదార, ఉప్పు దట్టించి కలిపిన ముద్దలు. మూడో అరకు ఆకుపచ్చ చీటీ. వాటికీ అవే ముద్దలు, కానీ రోజూ పొద్దున సన్నటి గొట్టంతో నా మందు కూడా పడుతుంది. ఎర్ర చీటీ వాటి కిడ్నీలు పాడవ్వాలి, అదే తిండి తింటున్నా ఆకుపచ్చ చీటీవి పాడవ్వకుండా నా మందు కాపాడాలి. మొత్తం పరీక్ష ఇంతే. ఆ ముద్దలు నేనే కలిపేదాన్ని. ఒకరోజు ముద్దలు చుట్టి, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం డబ్బా విప్పితే లోపల నూనెలో తేలుతున్న గోంగూర, దాని పక్కన కాంటీన్‌లో కొనుక్కున్న మిర్చి బజ్జీలు. నాకే నవ్వొచ్చింది. నవ్వి తినేశాను. మందు వచ్చేదాకా ఓపిక పడితే చాలు, ఆ తర్వాత గోంగూరా ఉంటుంది, నేనూ ఉంటాను అనుకున్నాను.

ఓపిక మాత్రం లేదు. కాలుగాలిన పిల్లిలా ల్యాబుకీ యానిమల్ హౌస్‌కీ మధ్య తిరిగేదాన్ని. పాఠం మధ్యలో ఎలుకలు గుర్తొచ్చేవి. ఎలుకల దగ్గర నిలబడితే నా పాదాలు గుర్తొచ్చేవి. ఆకుపచ్చ చీటీ వాటిలో ఏ ఒక్కటి చురుగ్గా తిరగకపోయినా నాకు ఆ పూట అన్నం దిగేది కాదు. మా ఆయన ఫోన్ చేస్తే సగం మాటలకు ఊకొట్టి పెట్టేసేదాన్ని. నా మందును ఆయన ఎప్పుడూ ఎలకల మందనే అంటాడు, ఇంట్లో బోను బదులు అది పెట్టమంటాడు. మామూలుగా అయితే నవ్వేదాన్ని.

ఇంతలో దసరా వచ్చింది. అటెండరు తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"మేడం, పండుగకు ఊరికి పోవాలె. నేనొచ్చేదాంక దాణా మీరే ఏసుకుంటరా?"

"పోయిరా. జల్దీ రా" అన్నాను.

అదే సమయానికి మా అత్తయ్య ఖమ్మంలోనే ఉంది. ఆవిడకు కంటి ఆపరేషన్ అయింది, మళ్ళీ చూపించుకునేదాకా మా కిరాయి ఇంట్లో ఉండమన్నాం. వాళ్ళు కోస్తా నుంచి సత్తుపల్లి వైపుకు ఎప్పుడో వచ్చి స్థిరపడిన రైతులు. పామాయిల్ తోట, గేదెలు, పెద్ద ఇల్లు. మా వైపు అత్తమ్మ అంటాం, పెళ్ళయిన కొత్తలో అత్తయ్యా అని పిలవమని నేర్పించారు. ఏడాదికి సరిపడా పచ్చళ్ళు పెట్టి, మూతలకు గుడ్డలు కట్టి, మా ఆయన బండిలో పంపేది ఆవిడే. పని లేకుండా కూర్చోవడం ఆవిడకు చేతకాదు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకటే.

సెలవుల్లో నేను కాలేజీకి బయల్దేరుతుంటే వెంట వచ్చింది. ఎలుకలను చూసి నడుం మీద చేయి వేసుకుని నిలబడింది.

"ఊళ్ళో ఎలకలు పడితే బోను పెట్టి చంపుతాం. ఇక్కడేంది, ఏసీ పెట్టి మేపుతున్నారు" అంది. తర్వాత, "ఈ పచ్చ చీటీలు ఎందుకు?" అని అడిగింది.

"అవి మందు తాగే ఎలుకలు అత్తయ్యా. గలిజేరు మందు."

"గలిజేరా? పసరు మందన్నమాట" అని తలూపింది.

ఆ తలూపడంలో ఏముందో నేను పట్టించుకోలేదు. సాయంత్రం దాణా వేసే పని తనకు అప్పగించమంది. గేదెలను సాకిన మనిషికి ఎలుకలు ఒక లెక్కా అంది. బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదు, కానీ సెలవుల్లో అడిగేవాళ్ళు ఎవరున్నారు? ఏ అరకు ఏ డబ్బా అని చూపించి, నేను ల్యాబులో మిషన్ దగ్గరికి పోయాను. పొద్దున మందు నేను పోసేదాన్ని, సాయంత్రం తిండి ఆవిడ చూసేది. మర్నాడు చూస్తే ముద్దలు ఒక్కటీ మిగిలేవి కాదు. బాగా తింటున్నాయని సంబరపడి రాసుకున్నాను. ఇంట్లో ఆవిడ రోజూ జొన్న నూక ఉడికించేది, తనకోసమే అనుకున్నాను. కాలేజీ వెనకుండే కుక్కలు ఆవిడ కనిపించగానే తోకలాడిస్తూ వెంటబడేవి, జంతువులకు ఆవిడంటే ఇష్టం అనుకున్నాను.

సెలవులయ్యాక ఎలుకల రక్తం తీసి పరీక్షించాం. ఎర్ర చీటీ వాటి క్రియాటినిన్ అనుకున్నట్టే పెరిగింది. ఆకుపచ్చ చీటీ వాటిది దాదాపు మామూలు ఎలుకలతో సమానంగా ఉంది. నేను నమ్మలేక మళ్ళీ చేశాను. అట్లాగే వచ్చింది. నా గైడు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. "అమ్మా, పేపర్ రాయడం మొదలుపెట్టు" అన్నాడు. నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. సంతోషంతో ఏడవడం నాకు కొత్త. ఆ సాయంత్రం మందు సీసా ఒకటి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మనుషుల మీద పరీక్షించని మందు మనిషి తాగకూడదని ఏటా మొదటి క్లాసులోనే పిల్లలకు చెప్పేదాన్ని నేను. తెలిసీ తెచ్చాను. ఫ్రిజ్‌లో గోంగూర జాడీ వెనక పెట్టాను.

పొద్దున పరగడుపున సీసా తీసి గ్లాసులో వంచుకున్నాను. అత్తయ్య పొయ్యి దగ్గర దోసెలు పోస్తోంది. పళ్ళెంలో నాకోసం అల్లప్పచ్చడి అప్పటికే వేసి పెట్టింది.

"అదేంది అమ్మాయ్?"

"మందు. మా ఎలుకలు తాగేదే. ఒంటికి మంచిది."

ఆవిడ అట్లకాడ పక్కన పెట్టేసింది. "పసరు మందు తాగేదానివి దోసెలు అడుగుతావేం? ముందే చెబితే కాస్త నూక ఉడకేసేదాన్ని గదా. ఎలకలకు పథ్యం పెట్టి, ఇంట్లో మనిషికి పెట్టకపోతే ఎట్లా?"

"ఎలుకలకు పథ్యం ఏంటి?"

"అదే, ఆ పచ్చ చీటీవాటికి. వాటికి నేను ఆ డాల్డా ముద్దలు వేయలేదులే. ఉప్పు లేకుండా జొన్న నూక ఉడికించి తీసుకుపోయి పెట్టాను. మందు తాగే జీవికి డాల్డా పెడతారా ఎవరన్నా? నీకు తీరిక లేక మర్చిపోయావనుకున్నా."

"మరి ముద్దలు?"

"కుక్కలకు వేశాను. పారేయడం దేనికి?"

నా మందు గెలవలేదు. గెలిచిందో ఓడిందో కూడా ఇక ఎవరికీ తెలియదు. ఆ ఎలుకలను కాపాడింది గలిజేరో, జొన్న నూకో చెప్పడానికి ఏ దారీ లేదు. నేను అరిచాను. నా జన్మలో అత్తయ్య మీద అంత గొంతు ఎత్తలేదు. ఇన్ని నెలల పని బూడిద చేశారన్నాను, చెప్పింది చెప్పినట్టు ఎందుకు చేయరన్నాను, మీ గేదెలు కావవి అన్నాను. పెనం మీద దోసె మాడిపోయింది. ఆవిడ పొయ్యి ఆపి, నా అరుపులన్నీ అయ్యేదాకా నిలబడింది. ఆవిడ ముఖం చిన్నబోయింది, కానీ చూపు మాత్రం నా చేతిలోని గ్లాసు మీదే ఉంది.

"తప్పయితే తప్పే. అదంతా సరేగానీ, ఆ మందు నువ్వెందుకు తాగుతున్నావో చెప్పలేదు."

నేను గ్లాసు గట్టు మీద పెట్టాను.

"మీ అమ్మకొచ్చిందేనా?"

అప్పుడు చెప్పాను. వంటింటి గడప మీద కూర్చుని, రిపోర్టు గురించీ, పాదాల వాపు గురించీ, డాక్టరు మానేయమన్నవాటి గురించీ అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ ముఖం వైపు చూడలేదు. బస్సులో వాళ్ళ చూపు ఆ ముఖంలో కనిపిస్తుందేమోనని భయం. చివరికి తలెత్తితే ఆవిడ కోపంగా ఉంది. పిలిస్తే పలకని పాలేరును చూసినట్టు చూస్తోంది.

"నేను పంపిన పచ్చళ్ళన్నీ తిన్నావా?"

"తిన్నాను."

"తెలిసినాక కూడా?"

"తిన్నాను అత్తయ్యా."

"నా చేత్తో పెట్టించుకుని తిన్నావు. ఒక్క మాట చెబితే నేను పెడతానా?" అంది. ఆపరేషన్ అయిన కన్ను తుడుచుకోకూడదని గుర్తొచ్చి చేయి గాల్లోనే ఆపేసింది.

గ్లాసులో మందు సింకులో పోసేశాను. పనిచేస్తుందో లేదో నాకే తెలియని మందు అది. నిన్నటిదాకా తెలుసనుకున్నాను. ఆవిడ పెనం కింద పెట్టి, గిన్నెలో జొన్న నూక పోసి కడగడం మొదలుపెట్టింది.

కాలేజీలో సారుకు జరిగింది చెబితే ఆయన ఎలుకల రిపోర్టు మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. మంచివాడే, కానీ ఆయనకూ ఈ పేపర్ మీద ఆశ ఉంది. "సెలవుల్లో నాలుగు రోజులు తిండి అటూ ఇటూ అయితే ఫలితం మొత్తం మారుతుందా? మందు గుణం కూడా ఉండే ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"ఆ పేపర్ చదివే రోగికి తెలియదు సార్. అది చదివి, పచ్చడి మానకుండా, మందు మీద భారం వేసి కూర్చునే మొదటి రోగిని నేనే" అన్నాను. నా రిపోర్టు ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివి నా వైపు చూశాడు. ఆ చూపు కొంచెం అట్లాంటిదే. భరించాను. ఆయన పేపర్ మాట మళ్ళీ ఎత్తలేదు.

పరీక్ష మొదటి నుంచి మొదలైంది. ఈసారి నాలుగో అర కూడా పెట్టాం. దాని చీటీ పసుపుపచ్చ. వాటికి మందు లేదు, కొన్నాళ్ళు ముద్దలు తిన్నాక పథ్యం మాత్రమే. అటెండరు ఆ కొత్త చీటీ చూసి, "ఇవేంది మేడం, మందు లేదు, మంచి తిండి లేదు?" అని జాలిపడ్డాడు. వాటికి ఎవరూ వేరే ఏమీ పెట్టకుండా చూడమని గట్టిగా చెప్పాను. నా మందు మీద నాకు ఆశ పోలేదు. ఆకుపచ్చ అర పసుపుపచ్చ అరను దాటాలని రోజూ కోరుకుంటాను. దాటుతుందో లేదో ఇంకా తెలియదు.

ఇంట్లో మాత్రం నేనే పసుపుపచ్చ చీటీ ఎలుకను. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని సొరకాయ, చిటికెడు ఉప్పుతో మజ్జిగ. మొదటివారం అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. అత్తయ్య ఊరికి పోతానని సర్దుకున్న సంచి విప్పేసింది. తోట ఎవరు చూస్తారంటే, చెట్లు ఎక్కడికీ పోవంది. మొదటిరోజు నా కూర రుచి చూసి ముఖం వికారంగా పెట్టి, "ఎలకలు ఎట్లా తిన్నాయో పాపం" అంది. అని తన పళ్ళెంలో కూడా అదే వడ్డించుకుంది. తనకు వేరే వండుకోమంటే వినలేదు. శనివారం వచ్చిన మా ఆయనకు నేను చెప్పేలోపే ఆవిడే చెప్పేసింది. ఆయన నేను భయపడ్డట్టే చూశాడు. "అట్లా చూడకురా, అన్నం తిను" అని ఆవిడ ఆయన పళ్ళెంలోనూ సొరకాయ వేసింది. ఆయన ఆ తర్వాత నా మందును ఎలకల మందు అనలేదు. దానికే నాకు దిగులేసింది, అనమని నేనే అడిగాను.

మూడు నెలల గడువు రోజున పరీక్ష సెంటరుకు అత్తయ్య వెంటొచ్చింది. వద్దన్నా వచ్చింది. రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం బయట బెంచీ మీద కూర్చున్నాం. నా కాలు ఊగడం మొదలైంది. బెంచీ పాతది, నిజంగానే కదులుతోంది. లోపలి నుంచి అమ్మాయి కాగితం తెచ్చి ఇచ్చింది. మడత విప్పలేకపోయాను. అత్తయ్య లాక్కుని విప్పింది. అందులో ఇంగ్లీషు ఆవిడకు రాదు, అయినా కన్ను దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ చూసి, "చదువు" అని నాకిచ్చింది.

"పెరగలేదు" అన్నాను.

"తగ్గిందా?"

"తగ్గలేదు. ఎక్కడున్నది అక్కడే ఉంది. దీనికి అంత తొందరగా తగ్గడం ఉండదు. పెరగకుండా ఉంటే చాలు."

"ఎన్నాళ్ళుండాలి ఇట్లా?"

"ఎప్పటికీ" అన్నాను. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. కాలు ఇంకా గట్టిగా ఊగింది.

అత్తయ్య కాగితం మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది. రోడ్డు మీద పోయే ఆటోలను కాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే చెయ్యి చాపి నా మోకాలి మీద వేసింది.

"కాలు ఊపమాక అమ్మాయ్. బెంచీ కదులుతుంది" అంది.

ఆపాను. ఆవిడ చెయ్యి తీయలేదు.